దట్టించే కర్ర

తుపాకీ కిట్ తెప్పించుకున్నవాడు ఎవడైనా సరే, పెట్టె విప్పిన నాలుగు రోజులకల్లా ఆర్విల్ ఇంటి మెట్లెక్కాల్సిందే. సోరెల్ వాగు పొడవునా అది మామూలే. పెట్టె మీద బొమ్మలో తుపాకీ నిగనిగలాడుతూ ఉంటుంది. "శని, ఆదివారాల్లో మీరే స్వయంగా బిగించుకోవచ్చు" అని కింద అచ్చేసి ఉంటుంది. తీరా విప్పి చూస్తే ఏముంటాయి? ఒక ఇనప గొట్టం, సగం చెక్కి వదిలేసిన మేపుల్ చెక్క, సంచిలో ఇత్తడి ముక్కలు, మరలు, పొడుగాటి కర్ర ఒకటి. వాటిని వంటింటి బల్ల మీద పరుచుకుని, కుస్తీ పట్టి, పెళ్లాం చేత నాలుగు తిట్లు తిని, అప్పుడొచ్చేవారు ఆర్విల్ దగ్గరికి.

ఆర్విల్ వాళ్లను షెడ్డులో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, ముందు ఆ బొమ్మను తిట్టేవాడు.

"ఈ అచ్చేసినవాడెవడో జన్మలో ఆకురాయి పట్టి ఉండడు. శని, ఆదివారాలట! ఏ ఏడాదివో కూడా చెబితే బాగుండేది. చూడు నాయనా, నువ్వు కొన్నది తుపాకీ కాదు, తుపాకీ కాగల సామాను. చెక్క కావాలనే లావుగా వదిలారు. కొంచెం కొంచెంగా తీసుకుంటూ పో. ఎక్కువ తీసేశావంటే మళ్లీ అతకదు. గొట్టం వెనకాల బిరడా ఉంది చూశావూ? దాని జోలికి పోకు. లోపలేముందో చూద్దామని విప్పి, మళ్లీ సరిగ్గా బిగించకపోయావో, అది పేలి వచ్చేది నీ మొహం మీదికే. ఇక మందు. ఈ పాతకాలపు తుపాకీకి నల్ల మందే పొయ్యాలి. ఇంట్లో కొత్తరకం మందు మిగిలింది కదా, పారేయడం దేనికని అది పోశావంటే, నువ్వు చేసింది తుపాకీ కాదు, బాంబు."

చివర్లో ఆ కర్ర తీసేవాడు. ఒక కొస కంటికి ఆనించి, ఇంకో కొస వెలుతురు వైపు పెట్టి చూసేవాడు.

"అందరూ గొట్టం చూస్తారు, ఇత్తడి చూస్తారు. దీన్ని మాత్రం ఎవడూ చూడడు. గుండుని మూతి నుంచి అడుగు దాకా దట్టించేది ఇదే. నార ఈ కొస నుంచి ఆ కొసకి సూటిగా పోవాలి. మధ్యలో పక్కకి జారిందా, అక్కడే విరుగుతుంది. విరిగితే ఏటవాలుగా విరిగి మొన తేలుతుంది. పైనుంచి నొక్కే చెయ్యి ఆగమంటే ఆగుతుందా? సరాసరి దాని మీదికే పోతుంది. కర్ర బాగుంటే ఖాళీ గొట్టంలో వేసి, మూతి దగ్గర గీత గీసుకో. ఎప్పుడైనా ఆ గీత పైకి కనబడిందంటే లోపల గుండు ఉన్నట్టే. గుర్తుంటుందా?"

ఇంత ప్రసంగమూ విన్నాకే వాళ్లకు విడుదల. వెనకాల "పాస్టరు గారు" అని నవ్వుకునేవారు. నవ్వుకోనీ, ఆ వాగు వెంట కిట్టు తుపాకీ వల్ల ఒక్కడికి గోరు కూడా ఊడలేదు. అలాంటి ఆర్విల్, చెప్పాల్సినప్పుడు ఒకే ఒక్క మనిషికి చెప్పలేదు. ఆ ఒక్క మనిషీ ఎవరో కాదు, హోబర్ట్.

హోబర్ట్, ఆర్విల్ ఒకే బొగ్గుగనిలో ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే ఏడాది దగ్గు తెచ్చుకుని బయటపడినవాళ్లు. హోబర్ట్ బాంజో వాయిస్తాడు. వాయిస్తాడు అంటే చాలదు. ఆ చుట్టుపక్కల పెళ్లయినా, చావైనా, చర్చి భోజనాలైనా అతని బాంజో లేకపోతే ఏదో మరిచిపోయి వచ్చినట్టు ఉండేది జనానికి. ఆ వాయింపులో చూపుడువేలు తీగల్ని కిందికి కొడుతూ ఉంటే, బొటనవేలు పై తీగ మీద పడి లేస్తూ ఉంటుంది. ఆ బొటనవేలు పడే తీరే హోబర్ట్ తీరు. శనివారం సాయంత్రం ఆర్విల్ వరండాలో అతను వాయించడం, ఆర్విల్ భార్య ఓర్ఫా పాడటం, ఆర్విల్ తాళం తప్పుతూ చెప్పుతో నేల తన్నడం, ఏళ్ల తరబడి అదే వరస.

కిందటి చలికాలం హోబర్ట్ కూడా ఒక కిట్టు తెప్పించాడు. ఆర్విల్ సంబరం అంతా ఇంతా కాదు.

"ప్రసంగం మొదలెట్టరా మరి" అన్నాడు హోబర్ట్, పెట్టె దించి.

"నీకెందుకురా? ఆ పొయ్యి పక్కన కూచుని నువ్వు విననిదెప్పుడు?"

చలికాలం మొదట్లో రోజూ ఆ షెడ్డులోనే పని. ఓర్ఫా బీన్స్ ఉడికించి, మొక్కజొన్న రొట్టె కాల్చి పంపితే తిని, మళ్లీ చెక్కుడు. హోబర్ట్ చెయ్యి మంచిది. ఆకురాయి పట్టినా బాంజో పట్టినట్టే ఉండేది. కానీ తొందర మనిషి. ఒకరోజు ఆర్విల్ ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి దట్టించే కర్రను కోసేశాడు. పెట్టె మీది బొమ్మలో గొట్టం కింద దోపిన కర్ర తుపాకీ మూతితో సమానంగా ఉంది కదా, అలాగే కోశాడు. గొట్టంలో వేస్తే అడుగుకు తగిలింది, కానీ పట్టుకుని నొక్కడానికి పైన బెత్తెడు కూడా మిగల్లేదు. కిట్టు కొన్నవాళ్లలో సగం మంది చేసే పొరపాటే అది. ఆర్విల్ ఆ పూట ఏమీ అనలేదు. "పోనీలే, ఇంకోటి చేద్దాం" అన్నాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదే. మర్నాడు పొద్దున్న కాఫీ హోటల్లో పదిమంది మగాళ్లు చేరి ఉండగా, నోరు దురద పెట్టింది.

"మన హోబర్ట్ కర్ర కోశాడు చూడండీ, గుండు అడుక్కి చేరాలంటే వీడి వేలు కూడా గొట్టంలోకి పోవాలి. ఫరవాలేదులే, బాంజో వేలు పొడుగే, సరిపోద్ది!"

హోటలంతా ఘొల్లుమంది. గల్లాపెట్టె దగ్గరి పిల్ల కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. హోబర్ట్ నవ్వలేదు. కప్పు కింద పెట్టి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. ఆర్విల్ వెనకాలే వెళ్లాడు.

"ఏంట్రా, నవ్వులాటకి అంటే మొహం అట్లా మాడ్చుకుంటావ్?"

"నీకు నవ్వులాటే. పదిమందిలో నా పరువు తీశావ్. నీ షెడ్డులో జరిగింది నీ షెడ్డులోనే ఉంటదనుకున్నా, నాదే బుద్ధి తక్కువ."

"అబ్బా, ఇంత చిన్నదానికా?"

"ఇదిగో ఆర్విల్, ఇక నా తుపాకీ ఊసు నువ్వు ఎత్తొద్దు. నేను అడిగితే చెప్పు. అడక్కపోతే నోర్మూసుకో."

క్షమించరా అనడానికి ఆర్విల్‌కు ఎంతసేపు పడుతుంది? కానీ అతనికీ ఉక్రోషం పొడుచుకొచ్చింది. ఇన్నాళ్లు చేతులు కాయలు కట్టేలా సాయం చేసినవాణ్ణి పట్టుకుని నోర్మూసుకోమంటాడా?

"సరే. నువ్వు నోరు తెరిచి అడిగేదాకా నీ తుపాకీ గురించి నా నోట్లోంచి ఒక్క ముక్క వస్తే ఒట్టు."

హోబర్ట్ ఆ సాయంత్రమే వచ్చి తుపాకీ తీసుకుపోయాడు. శనివారాలు ఆగిపోయాయి. ఓర్ఫా గిన్నెలు తోముతూ పాడటం కూడా మానేసింది.

"వెళ్లి ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?" అనేది.

"అడిగితేనే చెప్పమన్నాడుగా. అడగనీ."

"వాడు అడగడు, నువ్వు చెప్పవు. అరవై దాటాయి ఇద్దరికీ, సిగ్గులేదూ?"

"నీకు తెలీదు ఊరుకో."

చలి తగ్గింది. కొండల మీద అడవి ఉల్లి మొలిచింది. చర్చి వెనక మైదానంలో ఏటేటా జరిగే గురి పందెం వచ్చింది. గెలిచినవాడికి పొగబెట్టిన పంది తొడ. అసలు పందెం కంటే, చలికాలంలో ఎవరేం తయారుచేశారో చూసుకోవడానికే వచ్చేవాళ్లు ఎక్కువ. ఆ పందెంలో రెండు కట్టుబాట్లు. పక్కవాడి తుపాకీ అడక్కుండా ముట్టకూడదు. రెండోది, వరసలో నిలబడ్డవాడు ఎవడైనా సరే, "ఆగు" అని అరిస్తే అందరూ ఆగాల్సిందే. ఎందుకు అరిచావని కోప్పడకూడదు. తప్పుగా అరిచినా తప్పు లేదు.

హోబర్ట్ తుపాకీ చూడగానే ఆర్విల్‌కు కళ్లు చెమర్చాయి. ఎంత బాగా తీర్చాడు! చెంప ఆనే చోట చెక్కను అంత నున్నగా తను కూడా ఎప్పుడూ తియ్యలేదు. "శభాష్‌రా" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తుపాకీ గురించి ఒక్క ముక్క అనకూడదని ఒట్టు కదా. మెచ్చుకోలు కూడా మాటే కదా. మింగేశాడు. అంత మూర్ఖత్వం.

ఇద్దరికీ పక్కపక్క చోట్లే వచ్చాయి. హోబర్ట్ తుపాకీ మడమ నేల మీద ఆనించి, మందు పోశాడు, మూతి మీద గుడ్డముక్క పరిచాడు, సీసపు గుండు పెట్టి మూతిలోకి తట్టాడు. అప్పుడు కర్ర తీశాడు.

కొత్త కర్ర. పొడవు సరిపోయింది. హార్డ్‌వేర్ కొట్లో తెరలు వేలాడదీయడానికి అమ్మే గుండ్రటి కర్ర అది. యంత్రం మీద తీసిన కర్రకు నార ఎటు పోతే యంత్రానికేం పట్టింది? హోబర్ట్ దానికి ముదురు రంగు పూశాడు. రంగు పూస్తే నార ఇంకా తేటగా కనబడుతుంది. పైనుంచి జానెడు కింద నార పక్కకు జారి, ఏటవాలుగా బయటికి పోతోంది. ఆర్విల్ కళ్లకు అది అద్దంలో కనబడ్డట్టు కనబడింది.

హోబర్ట్ కర్రను వెంటనే గొట్టంలో పెట్టలేదు. ఎత్తి పట్టుకుని, తాపీగా అటూ ఇటూ తిప్పాడు. ఆర్విల్ వైపు చూశాడు.

"ఏం, ఏమీ అనవా?"

ఆ మాటలో ఆర్విల్‌కు వినబడింది ఎత్తిపొడుపే. వాగు వెంట జనమంతా తనను చూసి నవ్వుతున్నట్టు చెవులు వేడెక్కాయి.

"నేనేం అనలేదే" అన్నాడు.

"అదే. ఏమీ అనవేంటని."

"ఎండ బాగా కాసింది" అన్నాడు ఆర్విల్, కొండ వైపు చూస్తూ.

హోబర్ట్ ఇంకో క్షణం చూసి, తల తిప్పుకున్నాడు. ఆ క్షణంలో ఆర్విల్ మనసులో మెదిలిన మాట ఇదీ: విరగనీ. ఒకసారి పుటుక్కుమంటే అప్పుడొస్తాడు నా దగ్గరికి. కర్ర విరగడం వరకే అనుకున్నాడు. పదిమంది ముందు చిన్నబోవడం వరకే. చెయ్యి సంగతి అందరికీ చెప్పే మనిషికి, ఆ ఒక్క క్షణం చెయ్యి గుర్తు రాలేదు.

గుండు బిగువుగా దిగుతోంది. హోబర్ట్ కర్రను మరీ పైన పట్టుకుని, ఒళ్లు మోపి నొక్కాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆర్విల్‌కు. "ఆ—" అని నోరు తెరిచాడు. ఆ ఒక్క అక్షరమే బయటికొచ్చింది. కర్ర ఫట్‌మంది.

హోబర్ట్ అరవలేదు. కుడిచేతిని అలాగే పట్టుకుని దాని వంక చూస్తూ నిలబడ్డాడు. విరిగిన మొన బొటనవేలి మొదట్లో ఒకపక్క దూరి ఇంకోపక్క తేలింది. రంగు పూసిన కర్ర మీద రక్తం కూడా ముందు కనబడలేదు. తర్వాత కారడం మొదలైంది. ఎవరో తువ్వాలు చుట్టారు, ఎవరో ట్రక్కు తెచ్చారు. అతని భార్య వెర్నా చర్చి వంటింట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

ఆర్విల్ ట్రక్కు ఎక్కబోతే పందెం పెద్ద ఆపాడు. "ఆ తుపాకీ సంగతి చూడు ఆర్విల్. గుండు నడుమలో ఉంది. నీకు తప్ప ఎవరికి చేతనవుతుంది?"

నిజమే. మందుకీ గుండుకీ మధ్య ఖాళీతో తుపాకీని వదిలేస్తే ప్రమాదం. అందరూ వెళ్లిపోయాక ఆర్విల్ ఒక్కడే ఆ మైదానంలో కూర్చుని, గొట్టంలో నీళ్లు పోసి మందు తడిపి, కొసన మర ఉన్న తన కర్రతో గుండు బయటికి లాగాడు. హోబర్ట్ తుపాకీని అతను ముట్టుకోవడం ఆ గొడవ తర్వాత అదే మొదటిసారి. ఏ మూల చూసినా తప్పు లేదు. వెనక బిరడా కదిలించలేదు. మరలన్నీ సూటిగా దిగాయి. విరిగిన కర్ర కింది ముక్కను ఖాళీ గొట్టంలో వేస్తే, మూతి దగ్గర సరిగ్గా గీత కనబడింది. చాకుతో శ్రద్ధగా గీసిన గీత. పొయ్యి పక్కన కూచుని విన్నవన్నీ చేశాడు. ఆర్విల్ ఆ గీత మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పట్నం ఆసుపత్రిలో హోబర్ట్ చేతికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. గాయం మానింది. బొటనవేలు మాత్రం లేవలేదు. తీగ మీద పడటానికి అది ముందు లేవాలి కదా. ఆర్విల్ ఆసుపత్రికి వెళ్లాడు, ఇంటికీ వెళ్లాడు, వెళ్లినప్పుడల్లా వాన గురించీ, పొగాకు గురించీ మాట్లాడి వచ్చాడు. హోబర్ట్ కూడా అంతే. ఆ వేసవి శనివారాలు ఎవరూ వాయించలేదు. వెర్నా బాంజోను గోడకు తగిలించి పైన గుడ్డ కప్పిందని ఓర్ఫా చెప్పింది.

ఆకులు రాలే రోజుల్లో ఆర్విల్ హికరీ అనే గట్టి చెట్టు దుంగను ఒకదాన్ని గొడ్డలితో నిలువునా చీల్చాడు. రంపం పెట్టలేదు. చీలిస్తే నార ఎటు పోతే చీలిక అటే పోతుంది, మోసం ఉండదు. అందులో మంచి చీలిక ఏరి, చాకుతో గుండ్రంగా తీసి, నూనె పట్టించాడు. మధ్యాహ్నం పూట ఆ కర్ర పట్టుకుని హోబర్ట్ ఇంటికి నడిచాడు.

హోబర్ట్ వరండాలో కూర్చుని ఎడమచేత్తో ఆపిల్ తొక్క తీయడానికి తంటాలు పడుతున్నాడు. కర్ర వైపు చూశాడు గానీ, దాని మాట ఎత్తలేదు. ఆర్విల్ పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి వాన గురించి మొదలెట్టలేకపోయాడు.

"ఒరేయ్, నేను చూశాన్రా" అన్నాడు. "ఆ రోజు. నార పక్కకి పోవడం చూశాను."

"చూశావని తెలుసు."

"తెలుసా?"

"నువ్వు చూడకుండా ఉంటావా? నీ కళ్ల ముందు తిప్పిందే నువ్వు చూడాలని."

హోబర్ట్ చాకు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ మిగిలిన చలికాలమంతా మాట్లాడకుండా ఉండలేక చచ్చాను. నేనుగా వచ్చి అడగాలంటే మనసొప్పలా. అందుకని కొట్లో కర్ర తెచ్చా. అది చూస్తే నువ్వు ఊరుకోలేవనుకున్నా. 'ఒరే సన్నాసీ, తెరకర్రతో దట్టిస్తావురా' అంటావు, 'అయితే నీది ఇవ్వు' అందామనుకున్నా. అంతే. దాంతో అయిపోయేది."

"మరి... పనికిరాదని తెలిసి ఎందుకు నొక్కావురా?"

"పనికిరాదని నాకేం తెలుసు? అనుమానం, అంతే. నార చూడ్డం నాకెప్పుడు వచ్చింది? అది నీ కన్ను." హోబర్ట్ ఎండలో మెరుస్తున్న వాగు వైపు చూశాడు. "అడిగాను కదా, ఏమీ అనవా అని. నువ్వేం అనలేదు. ఆర్విల్ చూసి కూడా ఏమీ అనలేదంటే కర్ర బాగానే ఉన్నట్టే అనుకున్నా."

తిట్టి ఉంటే ఆర్విల్ భరించేవాడు. ఆ కుడిచేత్తోనే చెంప పగలగొట్టి ఉన్నా భరించేవాడు. తన మౌనాన్ని కూడా నమ్మాడే ఈ పిచ్చివాడు! తను పంతం కోసం మూసుకున్న నోటిని, సరేనన్న మాటగా తీసుకున్నాడే!

"నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదురా."

"నేనూ అడగలేదు కదా, సరిగ్గా."

లోపల వెర్నా గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. తర్వాత హోబర్ట్ లేచి లోపలికి వెళ్లి, గోడవార నుంచి దేన్నో తెచ్చాడు. ఆ విరిగిన కర్ర పైముక్క. ఆ రోజు తన చేతిలోనే ఉండిపోయిన దాన్ని ఆసుపత్రి నర్సు పారేద్దామా అని అడిగితే, వద్దన్నాడట.

దాన్ని ఆర్విల్ ముందుకు చాచాడు.

"ఇప్పుడు అడుగుతున్నా" అన్నాడు. "నోరు తెరిచి అడుగుతున్నా. ఎట్లా ఉంది చెప్పు, ఈ కర్ర?"

ఆర్విల్ దాన్ని తీసుకున్నాడు. అలవాటుగా కొస కంటికి ఆనించబోయి, కళ్లలో నీళ్లకు ఏమీ కనబడక దించేశాడు.

"నార పక్కకి పోయిందిరా" అన్నాడు. "దీనితో దట్టించకు. చెయ్యి పోతుంది."

"సరే" అన్నాడు హోబర్ట్. "అయితే నీది ఇవ్వు."

ఆర్విల్ తను తెచ్చిన హికరీ కర్ర ఇచ్చాడు. హోబర్ట్ ఎడమచేత్తో అందుకున్నాడు.